ఎనిమిదో వచనం చెల్లిది

మేం ఎనిమిది మందిమి. పెద్దక్క, పెద్దన్నయ్య, నడిపక్క, చిన్నన్నయ్య, చిన్నక్క, నేను, తమ్ముడు, చెల్లి. "మీరెంతమంది?" అని ఎవరైనా అడిగితే నేను అంకె చెప్పి ఊరుకోలేను. వరసంతా చెప్పాలి. మధ్యలో ఎవర్నయినా వదిలేస్తే మళ్లీ మొదట్నుంచి చెప్తాను.

రేపల్లె దగ్గర పల్లెటూరు మాది. నాన్న మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో పంతులు. 1842లో ఫాదర్ హయ్యర్ అనే అమెరికా మిషనరీ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మా వైపు ఊళ్లలో లూథరన్ మిషన్ గుడితో పాటే బడి కూడా పెడుతూ వచ్చింది. మా ఊళ్లో రెండిటికీ కలిపి ఒకటే పెంకుటిల్లు. వారమంతా బడి. శనివారం సాయంత్రం బెంచీలు తిప్పేస్తే గుడి. మా నాయనమ్మ అక్షరాలు దిద్దింది కూడా ఆ నేల మీదే. నాన్నకి ఉద్యోగం, మాకు చదువు, అక్కలకి ట్రైనింగు, అన్నీ ఆ గుమ్మంలోంచే వచ్చాయి. అందుకే మా ఇంట్లో దేవుడి మీద కృతజ్ఞత, పలక మీద గౌరవం రెండూ కలిసే ఉండేవి. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే అమ్మ ఊరుకునేది కాదు.

మమ్మల్ని కన్నది అమ్మే అయినా పెంచడం మాత్రం పైవాళ్ల పని. పుట్టిన ప్రతి పిల్లకీ పైవాళ్లలో ఒకరిని అప్పజెప్పేది అమ్మ. చిన్నన్నయ్య పెద్దక్క బాధ్యత, చిన్నక్క పెద్దన్నయ్య బాధ్యత. నన్ను నడిపక్కకి ఇచ్చింది. తమ్ముణ్ణి చిన్నన్నయ్య, చెల్లిని చిన్నక్క చూసుకోవాలి. స్నానం, అన్నం, పలక, దెబ్బలు, జ్వరం, అన్నీ వాళ్లవే. నా ముక్కు కారుతుంటే అమ్మ నన్ను పిలిచేది కాదు, "ఏమే, దాని ముక్కు చూడు" అని నడిపక్కని కేకేసేది. నడిపక్క తన పరికిణీ అంచుతో తుడిచి మళ్లీ తొక్కుడుబిళ్లకి పోయేది. ఆ జతలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అరవై దగ్గర పడుతున్నా నాకు ఒంట్లో బాగోకపోతే నా పిల్లలకంటే ముందు నడిపక్కకే తెలుస్తుంది. చిన్నన్నయ్య తన కొడుక్కి కొన్నా కొనకపోయినా తమ్ముడికి చొక్కా కొంటాడు.

ఆదివారం పొద్దున మా అరుగు చూడాల్సిందే. మొదటి గంట కొట్టేసరికి ఆడపిల్లలం అయిదుగురం ఒకరి ముందు ఒకరం వరసగా కూర్చునేవాళ్లం. అమ్మ పెద్దక్కకి జడ వేస్తుంటే, పెద్దక్క నడిపక్కకి, నడిపక్క చిన్నక్కకి, చిన్నక్క నాకు, నేను చెల్లికి. ఎవరైనా కదిలితే వెనక అందరి పాయలూ చెదిరిపోయేవి. కొబ్బరినూనె సీసా వెనక నుంచి ముందుకి వచ్చేది. చెల్లి జుట్టు నా పిడికిట్లో నిలిచేది కాదు, రిబ్బను ముడి వేసేలోపల రెండో గంట కొట్టేవాళ్లు. మగపిల్లలు ముగ్గురూ అప్పటికే తలలు తడిపి పాపిడి తీసుకుని, చేతిలో కానుక పైసలు పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఇంకా కాలేదా" అని మా ప్రాణం తీసేవాళ్లు.

గుడినుంచి వచ్చాక కోడికూర. ఒక కోడి, పదిమందిమి. అమ్మ బంగాళాదుంపలు వేసి పులుసు ఎక్కువ పోసి సరిపెట్టేది. కాళ్లు రెండూ వంతులవారీగా వచ్చేవి, ఈ వారం ఎవరిదో ఇంట్లో అందరికీ గుర్తే. కార్జం చెల్లికి, మెడముక్క చిన్నక్కకి. కందనకాయ పెద్దన్నయ్యది. అదంటే వాడికి ప్రాణం. అయినా రెండుగా కొరికి సగం తమ్ముడి కంచంలో వేసేవాడు. తమ్ముడు వాడి బాధ్యత కాదు, చిన్నన్నయ్య బాధ్యత. అయినా వేసేవాడు. అమ్మ ఇది చూసి చూడనట్టు పులుసు గరిటె తిప్పుకునేది.

పిడికెడు బియ్యం సంగతి కూడా చెప్పాలి. మా సంఘాల్లో ఆడవాళ్లకి అదొక ఆనవాయితీ. అన్నం వండే ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు, ఆదివారం గుడికి తీసుకెళ్లి ఇస్తారు. మా ఇంట్లో ఆ పిడికిలి పిల్లలది. రోజుకొకరం. జీతం ఆలస్యమైన నెలల్లో బియ్యం అడుగంటుతుంటే నాన్న నెమ్మదిగా "ఇవాళ చిన్నపిల్లని వెయ్యమనవే" అనేవారు. అమ్మ మాత్రం ఆ రోజే పెద్దన్నయ్యని పిలిచేది. ఇంట్లో వాడిదే అన్నిటికన్నా పెద్ద చెయ్యి. "దేవుడికిచ్చే దగ్గర మనం చెయ్యి చిన్నది చేసుకుంటే ఎట్లా" అనేది. ఆ రోజు గంజి పలచగా ఉండేది. మాకు లోటనిపించలేదు. పదిమందిమి ఒకే గంజి తాగాం కదా.

ఇక ప్రార్థన. రాత్రి భోజనాలయ్యాక లాంతరు మధ్యలో పెట్టి చాప పరిచేవాళ్లు. పుట్టిన వరసలోనే కూర్చోవాలి. ఇంటికి ఒకటే పెద్దక్షరాల బైబిలు, చేతులు మారుతూ వచ్చేది. మామూలు రోజుల్లో నాన్న ఒక అధ్యాయం చదివి ముగించేవారు. సెలవులకి అందరం ఇంట్లో ఉంటే మాత్రం నూట పందొమ్మిదో కీర్తన. బైబిలు మొత్తంలో అదే పెద్ద అధ్యాయం, 176 వచనాలు. అయితే అది 22 భాగాలు, భాగానికి ఎనిమిదేసి వచనాలు. మేమూ ఎనిమిది మందిమే. రోజుకొక భాగం, మనిషికొక వచనం. నాన్న ఈ లెక్క ఎప్పుడు పట్టారో గానీ, దాన్ని పట్టుకున్నాక ఆయన ముఖంలో సంతోషం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. "చూశారా, ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు" అనేవారు.

ఆ కీర్తనలో ప్రతి భాగం పైన హెబ్రీ అక్షరం పేరు ఉంటుంది. ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్. ఒకే భాగంలోని ఎనిమిది వచనాలూ హెబ్రీలో అదే అక్షరంతో మొదలవుతాయని నాన్న చెప్పారు. చెల్లికి అప్పటికింకా చదవడం రాదు, నాన్న చెప్తుంటే వెనక అనేది. ఒక రాత్రి అది లాంతరు వైపే చూస్తూ, "ఈ ఆలెఫ్, బేత్ వాళ్లు కూడా అన్నదమ్ములా నాన్నా?" అని అడిగింది. మేమందరం నవ్వేశాం. నాన్న నవ్వలేదు. "అవునమ్మా, ఇరవై రెండు మంది. మనకంటే పెద్ద కుటుంబం" అన్నారు. చెల్లి తృప్తిగా తల ఊపింది. ఆ తర్వాత కొన్నాళ్లు అది భోజనానికి కూర్చుంటే బేత్‌కి అన్నం పెట్టారా అని అడిగేది.

ఇలా చదవగా చదవగా వచనాలు మా సొంతమైపోయాయి. నీ వాక్యం నా పాదాలకు దీపం అనే 105వ వచనం భాగంలో మొదటిది, అంటే ఎప్పుడూ పెద్దక్కదే. తేనెకంటే తీపి అనే 103 ఏడోది, తమ్ముడిది. బెల్లం డబ్బా వాడికి అందకుండా ఉట్టి మీద పెట్టే రోజులవి, ఆ వచనం వచ్చిన రాత్రి వాడు గట్టిగా చదివి అమ్మ వైపు చూసేవాడు, అమ్మ లేచి చిన్న ముక్క ఇచ్చేది. దినానికి ఏడుసార్లు స్తుతిస్తానన్న 164 చిన్నన్నయ్యది. వాడు రోజుకి ఏడుసార్లు తింటాడని మేం ఏడిపించేవాళ్లం. నాకు ఆరోవి. యాత్రికుడు తన బసలో పాటలు పాడే 54వ వచనం నాది. ఇంట్లో నేనే ఎక్కువ పాడేదాన్ని, అందుకే అది దేవుడే చూసి నాకిచ్చాడనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకుంటాను. అన్నిటికన్నా చివరిది, 176, తప్పిపోయిన గొర్రెపిల్ల వచనం చెల్లిది. నన్ను వెతుకు అని అది ముద్దుముద్దుగా అంటుంటే పెద్దక్క దాన్ని ఒళ్లోకి లాక్కునేది.

పెద్దక్క నర్సు ట్రైనింగుకి గుంటూరు కుగ్లర్ ఆస్పత్రికి వెళ్లినప్పుడు మొదటి వచనం ఖాళీ అయింది. వరస జరిపి మొదటిది పెద్దన్నయ్య చదువుతాడనుకున్నాం. నాన్న ఒప్పుకోలేదు. "దాని వచనం దానిదే" అని అమ్మ చేత చదివించారు. అప్పుడు అర్థం కాలేదు గానీ, ఇంట్లోంచి ఎవరు వెళ్లినా మా ఇంట్లో వాళ్ల చోటు అట్లాగే ఉంటుందన్న ధైర్యం నాకు ఆ రాత్రే వచ్చింది.

మా క్రైస్తవ కుటుంబాల్లో ఆ రోజుల్లో పెద్ద ఆడపిల్ల నర్సు అయితే ఇల్లు గట్టెక్కినట్టే. అమెరికా నుంచి 1883లో వచ్చి ఆ ఆస్పత్రి పెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు మా అమ్మ ఒక మేనత్త పేరు చెప్పినట్టు చెప్పేది. ఆ ఆస్పత్రి వల్ల ఎన్ని పల్లెటూరి ఇళ్లలో పిల్లలు చదువుకున్నారో లెక్క లేదు. మా ఇల్లు వాటిలో ఒకటి. పెద్దక్కకి మొదటి జీతం వచ్చిన నెల నుంచి పోస్ట్‌మాన్ మనియార్డరు తెచ్చేవాడు. ఫారం కింద ఉండే చిన్న చోటులో పెద్దక్క సన్నటి అక్షరాలతో ఎవరికెంతో రాసేది. పెద్దన్నయ్య ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ ఫీజు, చిన్నక్క కళ్లద్దాలు, తమ్ముడి చెప్పులు. చివర "మిగిలింది చంటిదానికి" అని ఉండేది. మిగిలేది పావలానో అర్ధో, అది చెల్లి సొంతం. పెద్దన్నయ్యకి ఉద్యోగం రాగానే ఆ మనియార్డరు వాడు పంపడం మొదలుపెట్టాడు, తర్వాత నడిపక్క, తర్వాత చిన్నన్నయ్య. కిందికి ఒకరినొకరు లాక్కుంటూ వచ్చారు. నా డిగ్రీ ముగ్గురి జీతాల మీద నడిచింది. పెద్దక్క తన పెళ్లి ఎన్నేళ్లు వాయిదా వేసుకుందో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. అడిగితే "మీరంతా లేకపోతే నాకేం తోస్తుందే" అంది. అంతకంటే ఎక్కువ ఆ విషయం తను ఎప్పుడూ మాట్లాడలేదు.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చిన రోజు. కృష్ణకి అవతలి ఒడ్డున దివిసీమలో సముద్రం ఊళ్ల మీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. మా వైపు తీరం ఊళ్లూ దెబ్బతిన్నాయి. మా ఊరిదాకా అల రాలేదు, గాలి వచ్చింది. సాయంత్రానికి పెంకులు లేచిపోవడం మొదలైంది. నాన్న మమ్మల్నందర్నీ బడిలోకి తీసుకుపోయి, గోడ మూలకి బల్లలు అడ్డం పెట్టి కూర్చోబెట్టారు. నడిపక్క నన్ను, చిన్నన్నయ్య తమ్ముణ్ణి, చిన్నక్క చెల్లిని పట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరి పిల్లని వాళ్లు పట్టుకున్నారంతే. ఏసీ కాలేజీలో చదువుతున్న పెద్దన్నయ్య ఆ వారం ఇంటికొచ్చి ఉన్నాడు, నాన్నతో కలిసి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. చెల్లి ఏడుపు ఆపడానికి పాట ఎత్తుకున్నాను. గాలి హోరులో నా గొంతు నాకే వినపడలేదు. కానీ నడిపక్క గుండె మీద నా చెవి ఉంది, తనూ పాడుతోందని తెలిసింది.

రైళ్లు లేవు, బస్సులు లేవు, దారి పొడుగునా చెట్లు పడున్నాయి. పెద్దక్క గుంటూరులో రేడియో విని, దొరికినంత మేర లారీ ఎక్కి, మిగతాదంతా నడిచి వచ్చింది. చీర మోకాళ్లదాకా బురద. భుజాన సంచిలో దూది, టించరు, బ్రెడ్డు ముక్కలు. గుమ్మంలోకి రాగానే ఎవర్నీ పలకరించలేదు. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టింది. ఏడు. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. ఏడు. అప్పుడు నేల మీద కూలబడి ఏడ్చింది. రెండు రోజులుండి, ఊళ్లో దెబ్బలు తగిలినవాళ్లకి కట్లు కట్టి, మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆ ఏడు వరి మొత్తం పోయింది. క్రిస్మస్‌కి కొత్త బట్టలు లేవు. మామూలుగా అయితే ఒకే తానులో అమ్మ అందరికీ కుట్టేది, గౌన్లూ చొక్కాలూ అన్నీ ఒకే పువ్వుల గుడ్డ, గుడిలో మేం ఎక్కడ కూర్చున్నా మాస్టారి పిల్లలని తెలిసిపోయేది. ఆ ఏడు నక్షత్రానికి రంగు కాగితాలు కూడా లేవు. చిన్నన్నయ్య పాత చీర ముక్కలు వెదురుబద్దలకి చుట్టి స్టార్ కట్టాడు. పెట్రోమాక్స్ పట్టుకుని ఎప్పట్లాగే ఇల్లిల్లూ తిరిగి క్యారల్స్ పాడాం. పైకప్పు లేని ఇళ్ల ముందు కూడా నిలబడి పాడాం, వాళ్లు బయటికొచ్చి మాతో కలిశారు. చాలా ఇళ్లలో టీ కూడా ఇచ్చుకోలేకపోయారు. అయినా ఆ ఏడు పాడినంత బాగా మేమెప్పుడూ పాడలేదని పెద్దన్నయ్య చివరిదాకా అనేవాడు.

మంచి ఏడాదిలో క్రిస్మస్ వేరుగా ఉండేది. డిసెంబరు మూడో వారం నుంచి ఇల్లంతా నూనె వాసన. అరిసెలు అమ్మవి, చెక్కలు నడిపక్కవి. గులాబీ పువ్వులు పెద్దక్క వస్తేనే. ఇనప అచ్చుని ముందు కాగిన నూనెలో వేడెక్కనిచ్చి, పిండిలో మూడొంతులు మాత్రమే ముంచి, మళ్లీ నూనెలో పెట్టి ఊపాలి. అచ్చు వేడి తక్కువైనా ఎక్కువైనా పువ్వు కుదరదు. పెద్దక్క అచ్చుని చెవి దగ్గరికి తెచ్చి నూనె చిటపట విని "ఆ, ఇప్పుడు" అనేది. విరిగిన రేకులు మా చిన్నవాళ్లవి. పొయ్యి చుట్టూ కూర్చుని ఒక్కటైనా విరగాలని నలుగురం కాచుకుని ఉండేవాళ్లం. పెద్దక్క కావాలనే నాలుగు విరిచేదని నా అనుమానం.

తర్వాత అందరం చెదిరిపోయాం. గుంటూరు, హైదరాబాదు, చెన్నై. తప్పిపోయిన గొర్రెపిల్ల వచనం చదివిన చెల్లి అందరికన్నా దూరం, డాలస్ వెళ్లింది. నాన్న, అమ్మ వెళ్లిపోయారు. ఆ ఇంటిని తమ్ముడు పడగొట్టి డాబా కట్టాడు, మా అందరి పిల్లలూ వస్తే పడుకోవడానికి చాలేటట్టు.

2020లో లాక్‌డౌన్ పెట్టి గుళ్లు మూసేశారు. మట్టల ఆదివారం లేదు, ఈస్టర్ పొద్దున సమాధుల దగ్గరికి వెళ్లడం లేదు. అందరికీ టెన్షన్. అప్పుడు పెద్దన్నయ్య ఫోన్ చేసి, "రాత్రికి అందరూ వీడియోలోకి రండి, నూట పందొమ్మిది మొదలెడదాం" అన్నాడు. చెల్లికి అప్పుడు పొద్దున. వరస ఎవరూ మర్చిపోలేదు. ఎవరి వచనం వచ్చినప్పుడు వాళ్లు మ్యూట్ తీసి చదివారు. చిన్నన్నయ్యకి మ్యూట్ తీయడం రాదు, వాడి పెదాలు కదులుతుంటే మేమందరం ఆ వచనం వాడి కోసం పైకి అనేవాళ్లం. నూన్ భాగం వచ్చిన రాత్రి పెద్దక్క తన దీపం వచనం చూడకుండా చెప్పింది. తనకి అప్పటికే చూపు తగ్గింది. ఆ సంగతి మాకు ఆ రాత్రే తెలిసింది. మర్నాడే చిన్నన్నయ్య కారు పాస్ సంపాదించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎంతైనా వాణ్ణి పెంచింది తనే కదా.

మరుసటి ఏడు పెద్దన్నయ్య వెళ్లిపోయాడు. చాలా రోజులు మేం వీడియోలోకి రాలేదు. తర్వాత నడిపక్కే మొదలుపెట్టింది. మొదటి వచనం పెద్దక్క చదివింది. రెండోది వచ్చేసరికి అందరం ఆగిపోయాం. చదవాలంటే ఎవరమైనా చదవొచ్చు, ఎవరికీ నోరు రాలేదు. అప్పుడు వాళ్ల అబ్బాయి స్క్రీన్ మీదికొచ్చి, "నాన్నది నేను చదవనా అత్తా?" అన్నాడు. అచ్చం వాళ్ల నాన్న గొంతు. మా నాన్న అప్పుడు చెప్పిన మాటే పెద్దక్క వాడితో చెప్పింది. "ఆ వచనం మీ నాన్నదేరా. ఆయన పేరు మీద నువ్వు చదువు." అప్పట్నుంచి రెండో వచనం వాడు చదువుతున్నాడు. వాడి చేతులు కూడా పెద్దవే.

ఈ డిసెంబరుకి అందరం ఊరెళ్తున్నాం. చెల్లి టికెట్లు కొనేసింది. గులాబీ పువ్వుల అచ్చు నడిపక్క దగ్గరుంది, తుప్పు పట్టకుండా నూనె రాసి పాత న్యూస్‌పేపర్లో చుట్టి దాచింది. సరుగుడు కొమ్మ తెచ్చే పని తమ్ముడిది. వంటమనిషిని పెట్టుకుందామని పిల్లలంటే పెద్దక్క ఒప్పుకోలేదు, అచ్చు తనే పట్టుకుంటానంటోంది, చూపు లేకపోయినా చెవులున్నాయి కదా అంటోంది. ఎవరు ఏ గదిలో పడుకోవాలన్న గొడవ వాట్సాప్‌లో ఇప్పటికే మొదలైంది. నేను నడిపక్క పక్కనే అని ముందే చెప్పేశాను.